పాత బూట్ల కొట్టులో

కిల్లీబెగ్స్ రేవు వీధి, పదకొండో నంబరు తలుపుకి
ఇరవై ఆరేళ్ళుగా ఉత్తరాలు వేస్తున్నాను.
మెక్‌గింటి బూట్లు అమ్మిన రోజుల్లో వేశాను,
అద్దెకి ఇస్తామన్న అట్టముక్క వేలాడినప్పుడూ వేశాను.
ఇప్పుడా తలుపు నెత్తిన అంతెప్ అని
నీలిరంగు అక్షరాలు, ఇంకా పచ్చి.
వాన కాస్త తెరిపిస్తే కదా ఆరడానికి.

తెరిచిన మొదటి శుక్రవారం నలుగురం వెళ్ళాం:
నేను, చేపల వేలంపాట ఫింటన్,
వలలు బాగుచేసే ఫిడెల్మా,
ఆమె చెల్లెలు బ్రోనా, మాట పొదుపు మనిషి.
పరాయి వంట ఎలా ఉంటుందోనని ఫింటన్
ఇంట్లో రెండు బంగాళాదుంపలు లాగించే వచ్చాడు.

అరలన్నీ పీకేశారు. గోడలకి సున్నం కొట్టారు.
నేలకి ఆనించి ఉన్న ఆ వాలుటద్దాన్ని మాత్రం కదపలేదు.
కొత్త బూటు తొడిగి, కాలు చాపి, మురిసిపోయే అద్దం.
అందులో మొహాలు పడవు.
మా బల్ల కింద ఎనిమిది పాదాలు,
ఉప్పునీళ్ళకి పాలిపోయిన తోలు అంచులు,
అరిగిన నా ఎడమ మడమ,
తీర్చని బాకీ కాగితంలా నాకే కనిపిస్తూ.

తుంజాయ్ ఆర్డరు రాసుకోవడానికి వచ్చాడు.
చేతిలో కౌంటరు సొరుగులో దొరికిన పాత రసీదు పుస్తకం.
సైజు అన్న గడిలో నాలుగు,
రంగు అన్న గడిలో ఎరుపు.
అంటే ఎర్రపప్పు సూపు నలుగురికి.
జత అన్న గడి దగ్గర కాసేపు ఆగి
కొట్టేశాడు.

ముందు రొట్టె వచ్చింది.
దిండంత ఉబ్బి, ఒళ్ళంతా నల్లనువ్వులు,
ఊపిరి బిగబట్టిన పసివాడి బుగ్గలా.
పొడవడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.
బ్రోనా చూపుడువేలితో పొడిచింది.
బుస్సుమని ఆవిరి ఆమె కళ్ళద్దాల నిండా.
"అయ్యో, చంపేశాను" అంది,
అని పకపకా నవ్వింది.
ఫిడెల్మా నీళ్ళగ్లాసు దించి చెల్లెల్ని చూసింది,
ఏమీ అనకుండా పెద్ద ముక్క చింపి ఆమె పళ్ళెంలో వేసింది.

తర్వాత ఎవరేం తిన్నారో వరస గుర్తులేదు.
బొగ్గు మీద కాలిన మాంసం, దానిమ్మ పులుసు,
సన్నగా తరిగిన టమాటాలో దాక్కున్న మిరపకాయ.
అది ఫింటన్‌కే తగిలింది.
ఎర్రబడ్డ మొహంతో, కళ్ళు తుడుచుకుంటూ
ఇంకో గిన్నె కావాలన్నాడు.

వంటావిడ నెవ్రియె చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.
తినిపించిన వాళ్ళతో మీ దేశంలో ఏమంటారని అడిగాను.
ఎలినిజె సాలిక్, మీ చేతులు చల్లగా ఉండాలని,
తుంజాయ్ రెండుసార్లు పలికి చూపించాడు.
ఫింటన్ నోట అది తుమ్ములా వచ్చింది.
ఆవిడ మాత్రం గుండె మీద చెయ్యి వేసుకుంది.

టీ తాగుతుండగా, రొట్టెల బుట్టలో పెట్టి
నా ముందుకే తెచ్చాడు నేను వేసిన ఉత్తరాలు.
అన్నీ మెక్‌గింటి పేరు మీదే.
తోలు కంపెనీ క్యాలెండరు, బీమావాళ్ళవి మూడు,
ఎవరిదో వంకర చేతిరాత కవరు.
"ఈయన భోజనానికి రారా?"
రాడు. డోనెగల్‌లో వృద్ధాశ్రమంలో ఉన్నాడు, నమలలేడు.
ఆ సంగతి తెలిసే వేశాను ఇన్నాళ్ళూ.
చిరునామా ఉంది, తలుపుకి చీలిక ఉంది,
నా పని అంతవరకే అనుకున్నాను.

నెవ్రియె లోపలికెళ్ళి డబ్బాలో సూపు పోసి
మూత మీద మూత బిగించి ఇచ్చింది.
మర్నాడు తపాలా బండిలో, పక్క సీటుకి బెల్టు పెట్టి,
మలుపు మలుపుకీ నెమ్మదిస్తూ మోశాను దాన్ని.
స్టాంపు లేదు. రూలు ఒప్పుకోదు.

మెక్‌గింటి ఉత్తరాలు తెరవలేదు.
సూపు నాలుగు చెంచాలు తాగి, ఉప్పు చాలలేదన్నాడు.
ఇంకో మూడు తాగి అడిగాడు,
"అద్దం ఉందా? రోజూ తుడుస్తున్నారా?"
ఉందన్నాను.
తుడుస్తున్నారో లేదో చూసుకోలేదు.